దుబాసీ

పురానీ హవేలీ ఫ్యామిలీ కోర్టులో
దుబాసీకి కుర్చీ లేదు.
బోనుకీ టైపిస్టుకీ మధ్య
ఫ్యాను గాలి తగలని చోట నిలబడి
తార్నాకలో నేర్చుకున్న స్పానిష్‌ను
గొంతులో తడుపుకుంటున్నాను.

బంట్రోతు పేరు పిలిచాడు:
"రెనాన్ మామా... నీ... మామా నీ..."
వకీళ్ల బల్ల దగ్గర ఎవరో
నవ్వుని దగ్గుగా మార్చుకున్నారు.
రెనాన్ మమాని లేచాడు.
బొలీవియాలో, మబ్బులు గుమ్మం దాకా వచ్చే ఊరు.
జొన్నల మీద పరిశోధనకని పటాన్‌చెరు వచ్చి
పదకొండేళ్లుగా మన ఎండకి మాగినవాడు.
పక్కన హిమజ,
విత్తనాల ల్యాబులో మొలకలు లెక్కపెట్టే మనిషి,
సంచిలో మూడు పాస్‌పోర్టుల జిరాక్సులు.

కారణం నేనడగలేదు.
పిటిషన్‌లో "పొసగలేదు" అని ఉంది.
ఐదక్షరాలు.
వాటి చుట్టూ నలభై పేజీలు:
స్పెషల్ మ్యారేజి సర్టిఫికెట్టు,
లాపాజ్ నోటరీ ముద్ర, ఆ ముద్రకి ఇంకో ముద్ర,
అన్నిటి కిందా, అనువాదం సరైనదేనని నా సంతకం.

విదేశీ భర్తకి ఇచ్చే కార్డొకటి ఉంటుంది.
పెళ్లి ఉన్నన్నాళ్లే దానికి ప్రాణం.
తీర్పు వచ్చిన నాడు
భార్యతో పాటు ఈ ఊరూ అతన్ని వదిలేస్తుంది.
ఆ పేరా స్పానిష్‌లోకి మార్చిన రాత్రి
"రద్దు"కి అక్కడ నాలుగు మాటలు దొరికాయి.
ఏది తక్కువ నొప్పి పెడుతుందో తేలక
టీ రెండుసార్లు చల్లారింది.

పాప పాస్‌పోర్టు కోర్టు బీరువాలో ఉంటుంది.
ఇద్దరూ ఒప్పుకున్నారు.
పిల్లని ఎవరైనా సముద్రం దాటిస్తే
తిరిగి రప్పించే ఒప్పందం దేశాల మధ్య ఉందట,
మనవాళ్లు దానిమీద సంతకం పెట్టలేదట.
ఆ మాట దగ్గర వకీలమ్మ గొంతు తగ్గించింది,
పాప వరండాలో ఉందని.

పాప పేరు నైరా.
అతని నాయనమ్మ మాట్లాడే ఐమారాలో
కన్ను అని.
గడిచిన కాలాన్నీ ఆ మాటతోనే పిలుస్తారట.
జరిగింది కళ్లెదుట ఉంటుంది, చూడగలం కనక.
జరగబోయేది వీపు వెనక.
కారిడార్‌లో, సమోసా తుంచుతూ చెప్పాడిది.
ఏ ఫారంలోనూ దీనికి గడి లేదు.

జడ్జి గారు అడిగారు:
"ఇంతకు ముందు కలిసి ఎక్కడున్నారు?"
నేను నోరు తెరిచాను.
ముందు.
మనకీ అంతే కదా,
గడిచిందీ ముందే, రాబోయేదీ ముందే.
మాటని ఏ వైపు తిప్పాలో తేలేలోపు
అతనే అందుకున్నాడు:
"బీరంగూడల, మేడం. కమాను దాటినంక రెండో గల్లి.
కొట్లాటేం లేదు. ఆమె మంచిదే.
పొద్దుగాల పిల్లను బడికి నేనే తోల్కపోత.
గదొక్కటి రాయుండ్రి.
కార్డు ఉన్నన్ని దినాలు."

టైపు చప్పుడు ఆగింది.
హిమజ సంచి జిప్పు లాగింది, మళ్లీ లాగింది.
జడ్జి గారు కళ్లజోడు తుడుచుకుని
నావైపు చూసి "రికార్డు కోసం" అన్నారు.
రికార్డు కోసం
అతని తెలుగుని స్పానిష్‌లో అతనికే చెప్పాను.
మర్యాదగా విన్నాడు,
ఎవరిదో కబురు విన్నట్టు.

ఆర్నెల్ల వాయిదా.
నాకు దుబాసీ రుసుము, వోచరు మీద సంతకం.

బయట, దారుల్ షిఫా ఆటోల మధ్య,
"నేను ముందు! నేను ముందు!"
స్కూటీ మీద తల్లికన్నా ముందు ఎక్కి నిలబడింది నైరా.
హిమజ బటన్ నొక్కింది.
బండి ముందుకి పోతోంది.
పాప తల్లి మోచేతి కిందనించి
మెడ వెనక్కి తిప్పి చూస్తోంది,
గేటు దగ్గర
చెయ్యి ఎత్తాలో వద్దో తేలని మనిషిని,
మండీ మీరాలం మలుపు వచ్చేదాకా.